ఓడ కాక బిగించిన రబ్బరు రెప్ప

గోదావరిఖనిలో వాన పడేముందు గాలి ఒక్కసారి నిలిచిపోతుంది. ఆ తర్వాత రోడ్డు మీద పేరుకున్న బొగ్గు పొడి మీద తొలి చినుకులు రాలి, తడిసిన మసి వాసన ఇంట్లోకి వస్తుంది. మొన్న సెలవు మీద ఇంటికొచ్చి, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో ఆ వాసన తగిలింది. చూస్తుండగానే వాన జోరందుకుంది. మా వాడకట్టు పల్లంలో ఉంటుంది కనుక వీధి కాలువ నిండడానికి ఎంతోసేపు పట్టదు. అది నిండిన కబురు మాకు స్నానాలగది చెబుతుంది. నీళ్లు బయటికి పోయే తూము మూతి దగ్గర ‘టప్’ మని ఒక చప్పుడు. కాసేపాగి మళ్లీ ‘టప్’. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అమ్మ అక్కడి నుంచే కేకేసింది.

“అగో, మీ కాక వచ్చిండు. లేవే!”

కాక పోయి రెండేళ్లయింది. అయినా వానొస్తే మా ఇంట్లో ఆయన రావడం మానలేదు. ఆ చప్పుడు ఆయన బిగించిన రబ్బరు మూతది. బాయిలో, అంటే బొగ్గు గనిలో, బొగ్గు మోసి మోసి అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్కను గుండ్రంగా కోసి, పైఅంచున మాత్రం బందు వేసి, తూము బయటి మూతికి వేలాడదీశాడు. మా నీళ్లు బయటికి పోయేటప్పుడు అది తెరుచుకుంటుంది. కాలువ నిండి బురదనీళ్లు లోపలికి ఎగదన్నబోతే అదే నీళ్ల తోపుడుకు ‘టప్’ మని మూసుకుంటుంది. ఆయన దాన్ని ‘రెప్ప’ అనేవాడు. పుస్తకాల్లో దాని పేరు చెక్ వాల్వు. నేను ఈరోజు తింటున్న అన్నం ఒకరకంగా ఆ రబ్బరు ముక్క పెట్టిందే.

ఆయన పేరు దేవసహాయం. వాడకట్టుకంతా ఓడ కాక. వయసులో ఉన్నప్పుడు మా బాపుతోపాటు భూగర్భ గనిలో పంపుల దగ్గర బదిలీ వర్కరుగా పనిచేశాడు. ఆ పని పర్మినెంటు కాకముందే విశాఖపట్నంలో ఉన్న మేనమామ పిలిస్తే పోయి, ఓడలో ఇంజను గది ఫిట్టరుగా చేరాడు. జీవితంలో సగం సముద్రం మీద గడిపి, తిరిగొచ్చి చౌరస్తా దగ్గర మోటార్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. సముద్రం వాసనే తెలియని ఊళ్లో ఆయన తన దుకాణం అరుగును ‘డెక్కు’ అనేవాడు. బడిపంతులమ్మ అయిన భార్య సుగుణమ్మను ‘కెప్టెన్’ అనేవాడు. అణకువ మచ్చుకైనా లేని మనిషి. ఏ మాట మొదలుపెట్టినా అది ఏదో ఒక రేవుకు పోయి ఆగేది. నారింజరంగు ఓడ డ్రస్సు ఒకటి దాచుకుని, క్రిస్మస్ నాడు చర్చికి కూడా అదే తొడుక్కుంటానని మొండికేసేవాడు. “మీ కాకకు గోదారి వరదొస్తే చాలు, పెట్టె సర్దుకుంటడు” అని సుగుణమ్మ టీచర్ నవ్వేది.

ఆ రెప్ప బిగించిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నేను డిప్లొమా చదువుతున్నాను. ముందురోజు వానకు కాలువ నీళ్లు తూములోంచి ఎగదన్ని స్నానాలగది దాటి వంటింటి గడప దాకా వచ్చాయి. అమ్మ తుడిచి తుడిచి అలిసిపోయి, తూముకు గుడ్డలు కుక్కింది. దాంతో మా నీళ్లు కూడా బయటికి పోక లోపలే నిలిచాయి. అప్పుడొచ్చాడు కాక, చంకలో బెల్టు ముక్కతో. గుడ్డలు పీకి అవతల పారేశాడు.

“వదినే, గిది ఓడల రోజూ ఉండే బాధనే. బాత్రూం నీళ్లు సముద్రంలకు పోవాలె. సముద్రం బాత్రూంలకు రావద్దు. గుడ్డలు కుక్కితే ఓడ నడుస్తదా?”

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “నా ఇల్లు నీకు ఓడ లెక్క కొడుతున్నదా తమ్మీ?”

“ఓడనే మరి. నువ్వు జర పక్కకు జరిగితే మునగకుంట చేస్త.”

బందు బిగించి, నా వైపు తిరిగి ఒక ప్రశ్న వేశాడు. ఆ తర్వాత వందలసార్లు అడిగాడు కానీ నేను మొదటిసారి విన్నది ఆ రోజే. “చెప్పు బిడ్డా, గిది లేకుంటే ఏది ఎనకకు వస్తది?” కాలువ నీళ్లు అన్నాను. “గంతే. చెక్ వాల్వు చదువు ఐపోయింది. ఇగ మిగిలిందంతా జాగలు తెలుసుకునుడే” అని చేతులు కడుక్కున్నాడు. ఆ సాయంత్రమే మళ్లీ వానొచ్చింది. ‘టప్’ మన్న చప్పుడుకు అమ్మ పరిగెత్తుకెళ్లి చూసి, గది పొడిగా ఉండడం చూసి, ఓడ కాకకు చేపల పులుసు పంపింది. నాకు సముద్రం పిచ్చి పట్టింది కూడా సరిగ్గా ఆ గడపలోనే అనుకుంటాను.

డిప్లొమా అయిపోయేసరికి మా ఇంట్లో రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడ్డాయి. చూపు మందగించి బాపు ఇక డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చింది. అలా తేలితే, బొగ్గు బాయిల ఊళ్లలో అందరికీ తెలిసిందే, ఆ కొలువు పిల్లల్లో ఒకరికి వస్తుంది. మా ఇంట్లో పిల్లలంటే నేనొక్కదాన్నే. గడువులోగా నేను చేరకపోతే అది ఇంకెవరికీ పోదు, అంతటితో పోతుంది. అదే సమయంలో కాక తన పాత పరిచయాల ద్వారా ఇంకో కబురు తెచ్చాడు. ఓడల కంపెనీ ఒకటి డిప్లొమావాళ్లను ఇంజను గది శిక్షణకు తీసుకుంటున్నదట, ఆడపిల్లలను కూడా తీసుకుంటారట, విశాఖపట్నంలో ఇంటర్వ్యూ. ఆ మాట విన్న అమ్మ కడుగుతున్న బియ్యం గిన్నెను అక్కడే దించేసింది.

“చేతికొచ్చిన కంపెనీ కొలువు ఇడిసిపెట్టి నీళ్లల్లకు పంపాల్నా? నువ్వే చెప్తివి గద తమ్మీ, నీ వాల్వు సంగతి. పోయిన నీళ్లు మల్ల ఎనకకు రావంటివి. నా బిడ్డ గూడ గట్లనే అయితది.”

కాక చాయ్ గ్లాసు పక్కన పెట్టేసి నా వైపు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ అన్నదాంట్లో తప్పేముంది? నాకూ ఆ భయం లేకపోలేదు. అప్పుడు మంచం మీద కూర్చున్న బాపు గొంతు సవరించుకున్నాడు. బాపు తక్కువ మాటల మనిషి. జీవితమంతా పంపుల హోరులో గడిపినవాడికి మాటలతో ఏం పని!

“మన పంపుకు బైపాస్ ఉంటది గదనే” అన్నాడు.

బాయి పంపుల సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గని అడుగున గుంటలో ఊరిన నీళ్లను పంపు ఎంతో ఎత్తున ఉన్న నేల మీదికి తోస్తుంది. పంపు ఆగితే పైపులోని నీళ్లన్నీ దాని మీద పడకుండా పైన ఒక చెక్ వాల్వు ఉంటుంది. అయితే ఆగిన పంపు కడుపులో నీళ్లు కారిపోయి గాలి చేరితే, మోటారు తిరుగుతుంది కానీ పంపు నీళ్లు పట్టదు. అందుకే ఆ వాల్వు పక్కనుంచి ఒక సన్నటి పైపు, దానికొక చిన్న తిప్పుడు వాల్వు పెడతారు. అదే బైపాస్. దాన్ని తిప్పితే పైకెక్కిన నీళ్లలో కొన్ని దిగొచ్చి పంపు కడుపు నింపుతాయి. అప్పుడు పంపు మళ్లీ పని మొదలుపెడుతుంది. బాపు కొన్ని వేలసార్లు చేసిన పని అది.

“పైకి ఎక్కిన నీళ్లల్ల జరన్ని కిందికి రాకుంటే పంపు ఎట్ల సురువైతది? వీడు రాలేదా ఓడ మీదికెల్లి?” అని కాక వైపు గడ్డం చూపించాడు. “వస్తది తియ్. పోనీ పిల్లను.”

అమ్మ బియ్యం పొయ్యి మీద పెట్టింది, పొంగు చూసింది, మూత తీసింది. తర్వాత వేలు చూపిస్తూ నాతో అన్నది: “ఒక్కపారే. గా ఇంటర్వ్యూల పాసైతే పో. కాకుంటే మీ బాపు కొలువుల చేరుడే. మల్ల ఒర్రద్దు.” నేను తలూపాను. అంతటితో నా బతుకు ఏ దారిన పోతుందన్నది ఒక్క ఇంటర్వ్యూ మీద వచ్చి కూర్చుంది.

ఆ మరుసటి రోజు నుంచి మా ఇల్లు నిజంగానే ఓడైంది. కాక దుకాణం మూయగానే వచ్చేవాడు. పుస్తకం తెరవనిచ్చేవాడు కాదు. “ముందుగాల చేతితో ముట్టు, తర్వాత సదువు” అనేవాడు. వాకిట్లో నల్లా మోటారు, బోరు మోటారు రెండూ ఒకే పైపులోకి నీళ్లు తోస్తాయి కదా, ఒకటి నడుస్తుంటే దాని నీళ్లు ఆగి ఉన్న రెండోదాన్ని వెనక్కి తిప్పకుండా చూసేది ఏది? ఓడలో జంట పంపులు ఉన్నచోటల్లా అదే ఉంటుందన్నాడు. సైకిలు ట్యూబులోకి పోయిన గాలి తిరిగి రాకుండా ఆపే చిన్న వాల్‌ట్యూబును పీకి నా అరచేతిలో పెట్టి, ఓడ ఇంజనును కదిలించే గాలి నొక్కి నింపిన సిలిండర్ల దగ్గర దీని పెద్దన్న ఉంటాడన్నాడు. అమ్మ కుక్కరు ఉడుకుతుంటే దాని ముందు నిలబెట్టి, ఉడుకుతున్న దీంట్లోకి ఇంకా నీళ్లు తోయాలంటే ఎంత బలం కావాలి, తోసే పంపు ఆగితే ఆ ఆవిరి ఎటు వస్తుంది అని అడిగాడు. బాయిలరుకు నీళ్లు పోయే పైపు మీద చెక్ వాల్వు ఎందుకో నాకు జన్మలో మరిచిపోకుండా అర్థమైంది. అమ్మకు మాత్రం తన కుక్కరు ఎప్పుడు పేలుతుందోనన్న కొత్త భయం పట్టుకుంది. ప్రతి చోటా అదే ప్రశ్న: “గిది లేకుంటే ఏది ఎనకకు వస్తది?”

ఒకరోజు ఉడికిన మక్కకంకులు తింటూ, ఈ ప్రశ్న నీకెవరు నేర్పారు కాకా అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది. తన గొప్పలు చెప్పుకోవడం ఎంత ఇష్టమో, తన తిప్పలు చెప్పుకోవడం ఆయనకు అంతకంటే ఇష్టం.

“ఓడ ఎక్కిన మొదటి నెలనే బిడ్డా, ఇంజనీర్లకు దొరకని తప్పు నాకు దొరికిందనుకున్న” అని మొదలుపెట్టాడు. ఓడ అట్టడుగున చెమ్మ, నూనె, కారిన నీళ్లు అన్నీ చేరే గుంటను బిల్జి అంటారు. దాన్ని తోడే పంపు ఒకరోజు నీళ్లు పట్టలేదు. మన బాయి మనిషి వెంటనే బైపాస్ కోసం వెతికాడు. ఎక్కడా లేదు! అయ్యో, ఓడ కట్టినోళ్లు మరిచిపోయారు పాపం అనుకుని, ఎవరినీ అడగకుండా, చెక్ వాల్వు పక్కనుంచి చక్కటి బైపాస్ పైపు వేశాడు. వెల్డింగు చేసి, రంగు కూడా పూశాడు. శభాష్ అంటారని ఎదురుచూశాడు. మరుసటి రోజు అదే పంపుతో డెక్కు కడగడానికి సముద్రం వైపు వాల్వు తెరిచారు. కాక పెట్టిన బైపాస్ కొంచెం తెరిచే ఉంది. సముద్రం ఆ సందులోంచి తీరిగ్గా ఇంజను గది అడుక్కు దిగింది.

“మోకాలు దాక నీళ్లు. పెద్ద ఇంజనీరు మెట్ల మీద నిలబడి చూసిండు. తిట్టలే. ‘నువ్వెక్కడ పనిచేసి వచ్చావు?’ అన్నడు. బొగ్గు బాయిల అన్న. ‘అక్కడ నీళ్లెక్కడుంటాయి?’ అన్నడు. కింద అన్న. ‘ఇక్కడ?’ అని వేలు పైకి పెట్టిండు. అప్పుడు సమజైంది బిడ్డా. సముద్రం మన నెత్తి మీద ఉన్నది! బాయిల ఎనకకు వచ్చేటియి మనం తోసిన నీళ్లే. ఎన్నని వస్తయి, పైపుల ఉన్నన్నే. ఓడల ఎనకకు వచ్చేది సముద్రం. దానికి లెక్క ఉంటదా?”

శిక్షగా ఆ పెద్ద ఇంజనీరు ఓడలో ఉన్న ప్రతి చెక్ వాల్వు మీదా చెయ్యి పెట్టించి, అది లేకపోతే ఏది వెనక్కి వస్తుందో చెప్పించాడట. ఓడ ముందుకొస నుంచి వెనక్కొస దాకా. “శిక్ష అనుకున్న. అది నా సదువు” అని కాక కంకి బెండును దూరంగా విసిరాడు.

రామగుండం స్టేషనులో రైలెక్కి నేనూ కాకా విశాఖపట్నం పోయాం. ఆయన తొడుక్కొచ్చింది ఏమిటో వేరే చెప్పాలా? ఆ నారింజరంగు డ్రస్సు చూసి రైల్లో ఇద్దరు ముగ్గురు ఆయన్ను రైల్వే మనిషనుకుని బోగీలో ఫ్యాను తిరగడం లేదని చెప్పారు. ఆయన బాగు చేశాడు కూడా.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టు పెద్దాయన నా కాగితాలు పక్కన పెట్టి, ఓడ పైపుల్లో చెక్ వాల్వులు ఎక్కడెక్కడ ఉంటాయని అడిగాడు. భయంతో కళ్లు మూసుకుంటే మా స్నానాలగది కనిపించింది. అక్కడి నుంచే మొదలుపెట్టాను. తూము దగ్గర రెప్ప, వాకిట్లో మోటార్లు, సైకిలు ట్యూబు, కుక్కరు. ఒక్కో చోట నిలబడి, అది ఓడలో ఏదో, అక్కడ వాల్వు లేకపోతే ఏది వెనక్కి వస్తుందో చెప్పుకుంటూ పోయాను. కళ్లు తెరిచేసరికి ముగ్గురూ రాసుకోవడం మానేసి వింటున్నారు.

“సరే, బిల్జి పంపు నీళ్లు పట్టడం లేదు. ఏం చేస్తావు?” అన్నాడు పెద్దాయన.

నేను బాయి పంపు మనిషి బిడ్డను. ఆ ప్రశ్నకు మా ఇంట్లో పుట్టినవాళ్ల నోటికి ఒక్కటే జవాబు వస్తుంది. “బై...” అని అనేశాను కూడా. అనగానే మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ కాక కళ్ల ముందు మెదిలాడు.

“బై?”

“బైపాస్ మాత్రం వెతకను సార్. ముందు జాలీలో చెత్త అడ్డం పడిందేమో చూస్తాను. వేరే గుంట వాల్వు ఏదైనా తెరిచి ఉండి గాలి పీలుస్తుందేమో చూస్తాను. అప్పటికీ పట్టకపోతే బిల్జి వైపు మూసి, సముద్రం నీళ్లతో పంపు కడుపు నింపి, మళ్లీ సముద్రం వైపు మూశాకే బిల్జి తెరుస్తాను.”

“బైపాస్ ఎందుకు వెతకవు?”

“సముద్రం నెత్తి మీద ఉంటుంది సార్.”

ఆయన కళ్లజోడు తీసి నవ్వాడు. “ఈ మాట నీకెవరు చెప్పారు?”

“బైపాస్ పెట్టినాయనే చెప్పాడు సార్. బయట బెంచీ మీద ఉన్నాడు.”

కాకను లోపలికి పిలిచారు. చాయ్ తెప్పించారు. కాకకు ఇంకేం కావాలి? బైపాస్ కథను మా ఇంట్లో చెప్పినదానికంటే పెంచి చెప్పాడు. నీళ్లు మోకాలి నుంచి నడుం దాకా ఎక్కాయి. ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను కుర్చీ అంచున కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాను. చివరికి కాకే లేచి నిలబడి అన్నాడు: “అంత మంచిగనే ఉన్నది గని సార్, పిల్లను తీస్కుంటరా లేదా, గది చెప్పున్రి. మా వదినె పొద్దటికెల్లి ఫోను పట్టుకొని కూసున్నది.”

సాయంత్రానికి చెప్పారు. తీసుకున్నారు. ఫోనులో అమ్మ “మాటిచ్చిన గద” అన్నది. బాపు కొలువు గడువు దాటి అట్లాగే పోయింది. ఇప్పటికీ నేను ఫోన్ చేస్తే అమ్మ ఎవరెవరి పిల్లలు బాయిలో చేరారో వరసపెట్టి చెప్పి, “నువ్వుంటే ఈపాటికి ప్రమోషన్ వచ్చేది” అని ఒక చురక అంటించి, ఆ తర్వాతే ఏం తిన్నావని అడుగుతుంది.

మొదటి ఓడ ఎక్కిన రోజు నేను చేసిన పని, తర్వాత ఎక్కిన ప్రతి ఓడలోనూ చేశాను. పైపుల వెంట నడుస్తూ ప్రతి చెక్ వాల్వు మీదా చెయ్యి పెట్టి, చిన్నగా, మా వాడకట్టు మాటలోనే అడుగుతాను. గిది లేకుంటే ఏది ఎనకకు వస్తది? తోటివాళ్లు అది ఏదో మంత్రం అనుకుంటారు. కాక పోయిన కబురు అందినప్పుడు కూడా నేను నడిసముద్రంలోనే ఉన్నాను. రాలేకపోయాను. పంపు పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆ నారింజరంగు డ్రస్సుతోనే సాగనంపామని తర్వాత సుగుణమ్మ టీచర్ చెప్పింది. “ఎట్టకేలకు చర్చికి గది ఏస్కొనే పోయిండు బిడ్డా” అని ఆమె నవ్వుతుంటే నేనూ ఏడుస్తూ నవ్వాను.

మొన్నటి వాన తగ్గాక గొడుగు పట్టుకుని తూము దగ్గరికి పోయి చూశాను. రెప్ప అంచులు అరిగి చిట్లాయి. ఒక మూల నుంచి నీళ్లు లోపలికి ఊరుతున్నాయి. కొత్త ముక్క ఎక్కడ దొరుకుతుందా అనుకుంటుంటే నా వెనకే వచ్చిన అమ్మ లోపలికెళ్లి, తలుపు వెనక మేకుకు వేలాడుతున్న రబ్బరు ముక్కను తెచ్చింది. అదే కొలత, అదే గుండ్రం, బందుకు రంధ్రాలు కూడా వేసి ఉన్నాయి. “ఆనాడే రెండు కోసిండు. ఒకటి అరిగితే ఇంకోటి పెట్టున్రి అన్నడు. నేనే మరిచిన” అన్నది. ఓడలో ఏ సామానుకైనా జోడు సామాను ఉండాలనేవాడు కాక. నేను తడి గోడకు ఆనుకుని బందు బిగించాను. అమ్మ నా మీద గొడుగు పట్టింది, సగం వాన తన మీదే పడుతున్నా. బిగించాక వేలితో తోసి చూశాను. రెప్ప తెరుచుకుని గట్టిగా ‘టప్’ మని మూసుకుంది.

చిట్లిన పాత రెప్పను కడిగి, తుడిచి, నా ఓడ సంచిలో బట్టల మధ్య పెట్టుకుంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“కొత్తది ఎన్నేండ్లు వస్తదే?”

“బెల్టు రబ్బరు కదమ్మా, జల్ది పోదు. ఏం ఫికర్ పెట్టుకోకు.”

“అరిగితే ఎవరు మారుస్తరు?”

“నేనే వస్త.”

అమ్మ స్నానాలగది వైపు చూసి, కొంగుతో తల తుడుచుకుంది.

“అయితే జల్ది అరగనియ్” అన్నది.